వదిన ఎక్కిన ఇల్లుబండి

బండి తయారై షెడ్డులోంచి బయటికి వచ్చిన రోజు నేను రెండుసార్లు స్నానం చేశాను. పొద్దున ఇంట్లో ఒకసారి, మధ్యాహ్నం బండిలోనే మరోసారి. బండిలో స్నానం చేయవచ్చని షెడ్డులో ఉన్నవాళ్లకు చూపించాలి కదా. తల తుడుచుకుంటూ వెనక తలుపులోంచి దిగుతుంటే, బాడీ కట్టిన మేస్త్రీ, వెల్డింగు చేసినాయన, పక్కన పంక్చర్లు వేసే ఆయన ముగ్గురూ చప్పట్లు కొట్టారు.

"ఇగ నీకేందన్నా, ఇంట్ల కొట్లాటైతే ఇల్లెత్తుకొనే పోతవ్!" అన్నాడు మేస్త్రీ.

అది ఒకప్పుడు బడి పిల్లల్ని తిప్పిన మినీ బస్సు. ముప్పై ఏళ్లకు పైగా బస్సు నడిపి రిటైరయ్యాక, స్టీరింగు లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. అందుకే దాన్ని కొని, జనగామలో ఆ షెడ్డు ముందు నాలుగు నెలలు కూర్చుని ఇల్లుగా మార్పించాను. సీట్లు తీసేసి రెండు మంచాలు, ఒక మూల గ్యాస్ పొయ్యి, గిన్నెలు కడిగే స్టీలు తొట్టి, పైన నీళ్ల ట్యాంకు, కిటికీలకు దోమల జాలీ. పట్నంలో కారవాన్ అంటారట. మా వీధిలో దానికి పేరు ఇల్లుబండి.

నేను కూర్చునే క్యాబిన్‌కూ వెనక ఇంటికీ మధ్య ప్లైవుడ్డు గోడ పెట్టించాను. దానికి కిటికీ పెట్టాలా అని మేస్త్రీ అడిగితే వద్దన్నాను. బస్సు డ్రైవరు వెనక్కి తిరిగి చూడడు. ఎవరెక్కారు, ఎవరు దిగారు, ఎవరు మిగిలిపోయారు అనేది కండక్టరు సంగతి. తలుపు దబ్బున పడిన చప్పుడు వినిపించాలి, బండి కదలాలి. నా పని రోడ్డు, టైము. ఈ రెండిటి గురించి నాకున్న గర్వం అంతా ఇంతా కాదు.

మొదటి ప్రయాణం ఎక్కడికని ఆ రాత్రి అన్నం దగ్గర నా భార్యను అడిగాను. ఆమె ఆలోచించను కూడా లేదు. ఎన్నాళ్లుగానో నాలుక చివర పెట్టుకున్న మాటలా ఉంది అది.

"అడవికి. పాకాలకు. అక్కను తీస్కొని పోదాం."

నా చేతిలో ముద్ద ఆగింది. అడవంటే నాకు ఇష్టమే. ఆగింది అక్క అన్న మాటకు.

నా భార్యకు తల్లి చిన్నప్పుడే పోయింది. పెంచింది అక్క. ఇద్దరి మధ్య పన్నెండేళ్ల తేడా. చిన్నప్పుడు అక్క తునికాకు ఏరడానికి పోతూ చెల్లెల్ని వెంట తీసుకుపోయేదట. పాకాల చెరువు గురించి, చెరువు చుట్టూ ఉన్న అడవి గురించి, నీళ్లు తాగడానికి వచ్చే దుప్పుల గురించి ఎవరో చెబితే విని, "నిన్ను ఒకనాడు తోల్కపోతనే" అనేదట. తీసుకుపోయే రోజు రాలేదు. వచ్చే వీలున్న రోజుల్లో వాళ్లిద్దరి మధ్య నేను ఒక అబద్ధం పెట్టాను. ఆ సంగతి ముందే చెప్పేస్తాను.

మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు నా భార్య పరకాలలో దవాఖానలో ఉంది. ఎండాకాలం. అక్క, అంటే మా వదిన, రాత్రంతా దవాఖానలో ఉండి, బాలింతకు పథ్యం వండి తెస్తానని తెల్లవారుజామున చిట్యాల దగ్గరి తన ఊరికి పోయింది. నేను ఆ రోజుల్లో భూపాలపల్లి నుంచి పరకాల మీదుగా పోయే బస్సు నడిపేవాణ్ని. అంతకు ముందు వారం, అత్తగారి ఊరివాళ్ల కోసం స్టేజీ లేని చోట రెండుసార్లు బండి ఆపాను. కండక్టరు, ముందు సీట్లవాళ్లు కలిసి నన్ను వారమంతా ఆడుకున్నారు. "ఇది సర్కారు బస్సు కాదు, అల్లుడుగారి బస్సు" అని. అది నాకు బాగా గుచ్చుకుంది. ఇక ఎవరికోసమూ ఆపనని వాళ్ల ముందే అన్నాను.

ఆ పొద్దున బస్సు ఏడు నిమిషాలు లేటు. చిట్యాల వైపు చీలే దారి దాటాక రోడ్డు కింద నీళ్లు పోయే ఒక చిన్న మోరీ ఉంది. దాని పక్కన వదిన నిలబడి ఉంది. నెత్తిన అన్నం గిన్నె, సర్వ అంటాం, ఆ సర్వకు తెల్లగుడ్డ. చెయ్యెత్తింది. నేను చూశాను. చాలా దూరం నుంచే చూశాను. బ్రేకు మీదికి కాలు పోయింది కూడా. వెనక ఎవరో దగ్గారు. ఆ దగ్గు నా గురించేనని నాకు తోచింది. తల కుడివైపుకు తిప్పి, అద్దంలో ఏదో వెతుకుతున్నట్టు నటించి, బండిని ముందుకు లాగాను.

వదిన ఆ ఎండలో పెద్ద ఊరిదాకా నడిచి, ఇంకో బండి దొరికించుకుని, సాయంత్రం నాలుగింటికి దవాఖాన చేరింది. అన్నం పాసిపోయింది. నా భార్య పొద్దుటినుంచి ఒక బన్ను తిని పడుకుని ఉంది. "చెయ్యెత్తితే ఆపకుండ పోయిండు నీ మొగడు" అంది వదిన. నా భార్య నన్ను అడిగింది. నేను "చూడలే" అన్నాను.

ఆమె నమ్మింది. అంతే కాదు, నా తరఫున కొట్లాడింది. పాప పురుడు రోజున పదిమందిలో వదిన మళ్లీ ఆ మాట ఎత్తితే, "చూడలే అంటుండు గద అక్కా, కావాల్నని పోతడా?" అంది. మాటకు మాట పెరిగింది. ఆ తర్వాత ఇరవై ఆరేళ్లు ఆ అక్కాచెల్లెళ్లు పెళ్లికీ చావుకీ తప్ప కలవలేదు. నేను నా సీటులో కూర్చుని టైముకు బండి నడుపుకుంటూ ఉన్నాను.

కాబట్టి అక్కను తీసుకుని అడవికి పోదామని నా భార్య అన్నప్పుడు, నేను నీళ్లు తాగి, "అక్క వస్తదా?" అని మాత్రం అడిగాను.

"వస్తదో రాదో నేనడుగుత. నువ్వు బండి తియ్యి."

మాఘమాసం చివర. పత్తి ఏరడం అయిపోయింది. పొద్దున్నే జనగామ నుంచి బయలుదేరాం. ఆ రోజు నా సంతోషం చెప్పలేను. పక్క సీటులో నా భార్య. వెనక మా ఇల్లు, గిన్నెలు గలగలమంటూ మా వెంటే వస్తోంది. హనుమకొండలో సిగ్నల్ దగ్గర పక్కనున్న ఆటోవాడు లోపలికి తొంగిచూసి, "అన్నా, గిండ్ల కిరాయికుంటరా?" అని అడిగాడు. నా భార్య నవ్వు ఆపుకోలేకపోయింది. పరకాల దాటాక మాత్రం ఇద్దరం తగ్గాం. మోరీ దగ్గర నేను స్పీడు తగ్గించలేదు. ఆమె ఆ వైపు చూడలేదు.

వదిన ఇంటి ముందు బండి ఆగగానే వాడకట్టంతా చేరింది. వదిన మాత్రం పది నిమిషాలకు వచ్చింది. మనిషి సన్నబడింది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. నోరు మాత్రం అలాగే ఉంది. బండి చుట్టూ ఒకసారి తిరిగింది. టైరును కాలితో తన్నింది. లోపలికెక్కి మంచం మీద కూర్చుని లేచింది. తొట్టిలో నల్లా తిప్పి, నీళ్లు వస్తే కట్టేసింది.

"ఇల్లు మంచిగనే ఉన్నది. నడిపేదెవరు?"

"నేనే వదినె," అన్నాను.

"అయితే నేను నడిసొస్త. నాకలవాటే గద."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నా భార్య మెట్టు మీదే నిలబడి, "అక్కా, నీకోసమే వచ్చిన. నువ్వు రాకుంటే నేను గూడ పోను" అంది. వదిన చెల్లెలి ముఖం చూసింది. లోపలికి వెళ్లి ఒక సంచీ, రెండు జతల చెప్పులు తెచ్చింది.

"రెండు జతలెందుకు వదినె?"

"నీ బండి ఎక్కుతున్న గద మరిదీ. ఒక జత తెగిపోతే?"

ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపాలన్నది ఆమె షరతు. ఒప్పుకున్నాను. దాని అర్థమేమిటో అప్పుడు నాకు తెలియదు. వదిన ముందు సీటులో కూర్చుని, చిట్యాల నుంచి భూపాలపల్లి వచ్చేలోపు ఆరుసార్లు ఆపించింది. మోదుగ చెట్టు నిండుగా పూసిందని ఒకసారి. మేకల మంద దాటుతుంటే, ఆ మేకలాయన తెలిసినవాడని ఒకసారి. రేగుపళ్లకు ఒకసారి. ఇంకోసారి ఎందుకో చెప్పను కూడా లేదు. దిగి, గట్టు మీద నిలబడి, మిరప చేను చూసి, మళ్లీ ఎక్కింది. ఆగిన ప్రతిసారీ నా కుడికాలు యాక్సిలరేటరు మీదే ఉండేది. చేతి గడియారం చూసుకునేవాణ్ని.

"ఏడ కంట్రోలరు కూసున్నడు నీకు?" అంది వదిన. "ఎవనికి రాసియ్యాలె టైము?"

నిజమే. ఎవరికీ రాసివ్వక్కర్లేదు. భూపాలపల్లిలో బొగ్గు లారీల పక్కన బండి ఆపుకుని, నా భార్య మా పొయ్యి మీద మొదటిసారి టీ పెట్టింది. పాలు పొంగాయి. ఇద్దరూ గుడ్డలు పట్టుకుని తుడుస్తూ, ఒకరినొకరు తిట్టుకుంటూ నవ్వారు. "గిదేనా పనితనం? నేను నేర్పింది గిదేనానే?" "నీ నేర్పుడే అక్కా!" అక్క, చెల్లె ఒకే గుడ్డను చెరోవైపు పట్టి పిండారు. ఇదంతా ఎన్నేళ్లు ఆపాను నేను!

గణపురంలో కోటగుళ్ల దగ్గర ఆగాం. రాతి ఏనుగుల పక్కన వదిన చెల్లెల్ని కూర్చోబెట్టి, నా ఫోనుతో ఫోటో తీయమంది. అక్కడే ఒక గంట గడిచింది. ములుగు దాటి, మల్లంపల్లి దగ్గర మళ్లి, నర్సంపేట వచ్చేసరికి నాలుగు. సాయంత్రం అయిదు దాటితే అడవి గేటులోంచి లోపలికి పోనివ్వరని అక్కడ ఎవరో చెప్పారు. అంతే, నాలో పాత డ్రైవరు లేచి కూర్చున్నాడు. ముప్పై ఏళ్లు రాత్రీ పగలూ అడవి రోడ్ల మీద బండి నడిపి, ఒక్క అడవిదున్నను కూడా చూడలేదు నేను. ఈ సాయంత్రం నీళ్ల దగ్గర చూడబోతున్నానని ఒళ్లంతా ఉత్సాహం.

నర్సంపేట దాటాక రోడ్డు పక్కన ఒక టీ హోటల్. వదిన టీ తాగాలంది. నెత్తిన కొంగు కప్పుకున్న ఒక పెద్దావిడ నడుపుతోంది దాన్ని. వచ్చినవాళ్లంతా ఆమెను ఖాలా, అంటే పిన్ని, అని పిలుస్తున్నారు. ముగ్గురం టీ తాగాం. నా భార్యకు మోకాళ్లు పట్టేశాయి, కాసేపు వెనక పడుకుంటానంది. వదిన చేతులు కడుక్కోవడానికి హోటల్ వెనక్కి పోయింది. నేను సీటులో కూర్చున్నాను. నాలుగున్నర. రెండుసార్లు హారన్ కొట్టాను. వెనక తలుపు దబ్బున పడింది.

బండి కదిలింది.

పక్క సీటు ఖాళీగా ఉండటం నేను చూడలేదా? చూశాను. వదిన కూడా వెనకే పడుకుని ఉంటుందనుకున్నాను. వెనక నా భార్య, అక్క ముందుందనుకుంది. మధ్యలో కిటికీ లేని ప్లైవుడ్డు గోడ. రోడ్డుకు రెండువైపులా చెట్లు దగ్గరకొస్తున్నాయి, ఆకులు రాలిన టేకు చెట్ల మధ్యనుంచి ఎండ ఏటవాలుగా పడుతోంది, నేను ఈల వేస్తున్నాను. అయిదుకు పది నిమిషాలుందనగా గేటు ముందు ఆపి, దిగి, పరుగున వెనక్కి పోయి తలుపు తీశాను.

"దిగుండ్రి! అడవొచ్చింది!"

నా భార్య కళ్లు నులుముకుంటూ లేచింది. ఒక్కతే.

"అక్కేది?"

"నీ దగ్గర లేదా?"

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నేను వదిన ఫోనుకు కొట్టాను. అది మంచం మీద సంచీలోంచి మోగింది.

వెనక్కి తిరిగి పోతున్నప్పుడు నా భార్య ముందు సీటులో కూర్చుంది. ఎడారి కాదు, ఊళ్లున్న రోడ్డే. వదినకేమీ కాదని నాకు తెలుసు. భయం దానికి కాదు. ఇక ఆమె ఈ బండి ఎక్కదు. చెల్లెలితో మళ్లీ మాట్లాడటానికి ఇంకో ఇరవై ఆరేళ్లు వాళ్లకు లేవు.

"పరేషాన్ కాకు," అంది నా భార్య. నా భుజం మీద చెయ్యి వేసింది. "నువ్వు చూడలేదని అక్కకు నేను చెప్త. అప్పుడు గూడ నేనే చెప్పిన గద."

ఆ చెయ్యి నా భుజం మీద ఎంత బరువుగా ఉందో చెప్పలేను.

హోటల్ ముందు ఏడెనిమిది మంది గుమిగూడి ఉన్నారు. మధ్యలో బల్ల మీద వదిన. చేతిలో ఇంకో టీ గ్లాసు. మోరీ, సర్వ, ఎండ, అన్నీ చెప్పేసిందని వాళ్ల ముఖాల్లోనే తెలుస్తోంది. నన్ను చూసి ఖాలా చేతులు తిప్పింది.

"క్యా భాయ్, పీఛే నై దేఖ్తే క్యా?" అంది. మళ్లీ తెలుగులో, "ఎన్క ఒకపారి చూసుకోవద్దా అన్నా? అక్క గిట్ల పరేషానయింది."

"ఏం పరేషాను? నాకలవాటే," అంది వదిన, లేవకుండానే. "ఇగ అడుగుండ్రి ఆయనను. చూడలే అంటడు, చూడుండ్రి."

నా నోట్లోంచి అదే వచ్చింది. "చూడలే వదినె."

అందరూ గొల్లున నవ్వారు. బీడీ తాగుతున్న ఒక ముసలాయనకు నవ్వుతో దగ్గొచ్చింది.

నేను చెప్పింది నిజం. దానికి ఆ హోటల్లో ఎవరి దగ్గరా విలువ లేదు, ఉండటానికి వీల్లేదు. ఆ మాటను నేను ఎప్పుడో వాడేసుకున్నాను.

నా భార్య ఒక్కతే నవ్వలేదు. నాకంటే ముందుకొచ్చి నిలబడింది.

"నవ్వకుండ్రి జర. నిజంగనే చూడలే అక్కా. తలుపు ఏసింది నేను. నువ్వు ముందటున్నవనుకున్న. తప్పు నాది. ఎప్పటి కోపమో పెట్టుకొని ఆయనను పదిమందిల పల్చన చెయ్యకు. అప్పుడు గూడ ఆయన చూడ—"

"అప్పుడు చూసిన," అన్నాను.

పొయ్యి మీద డికాక్షన్ ఉడుకుతున్న చప్పుడు వినిపించింది.

నా భార్య నా వైపు తిరిగింది. "ఏమన్నవ్?"

"ఇప్పుడు చూడలే. అప్పుడు చూసిన. సర్వ నెత్తి మీదుండె. తెల్లగుడ్డ కట్టి ఉండె. చెయ్యెత్తింది. నేనే తల తిప్పుకున్న. అల్లుడుగారి బస్సు అంటరని."

"గుడ్డ రంగు గూడ యాదికున్నది మరిదికి," అంది వదిన నెమ్మదిగా. ఆమె గొంతులో ఎగతాళి లేదు. "నువ్వు చూసినవని నాకెరుకే. తల తిప్పుడు నేను చూసిన గద. నాకెందుకు చెప్తవ్? చెప్పేదుంటే దానికి చెప్పు. నిన్ను నమ్మింది అది."

నేను నా భార్యకు చెప్పాను. పెద్దగా ఏమీ లేదు చెప్పడానికి. తప్పు చేశానని, దాచడం ఇంకా పెద్ద తప్పని అన్నాను. ఆమె విన్నది. ఏడవలేదు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. అక్క వైపు చూసి, "పొద్దంత బన్ను తిని పండుకున్న. నువ్వు ఆలస్యం చేసినవని నీ మీదనే కోపం పెట్టుకున్న" అంది.

"అయిపోయింది తియ్యి," అంది వదిన.

"అయిపోలే. ఇరవై ఆరేండ్లు నిన్నే అబద్ధపుదానివి అనుకున్న. పా అక్కా, బండ్ల కూసుందాం."

వదిన లేచింది. ఆ క్షణం దాకా ఆమె ఎక్కుతుందో లేదో నాకు తెలియదు. నా పక్కనుంచి నడిచి, నన్ను చూడకుండా, చెల్లెలి వెనక మెట్టెక్కింది. తలుపు పడింది. నేను పోయి కిటికీ జాలీలోంచి చూశాను. ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చుని ఉన్నారు. నా భార్య నన్ను చూసి పరదా లాగేసింది.

ఖాలా నా చేతిలో ఒక టీ పెట్టింది. "తాగి మెల్లగ పో," అంది.

అడవి దాకా నేను ఒక్కణ్నే ముందు కూర్చున్నాను. మొదట వెనకనుంచి ఏ చప్పుడూ లేదు. తర్వాత మాటలు. ఏమిటో అర్థం కాలేదు, ప్లైవుడ్డు మందంగా ఉంది. కొంతదూరం పోయాక ఎవరో ముక్కు చీదారు. ఆ తర్వాత, అడవి దగ్గర పడుతుండగా, నవ్వు వినిపించింది. ముందు ఒకరిది, వెంటనే ఇద్దరిది. తప్పు ఒప్పుకున్నవాడికి దిగులుగా ఉండాలి. నాకు మాత్రం సంతోషంతో ఈల వేయాలనిపించింది. ఒక దుప్పుల గుంపు రోడ్డు దాటుతుంటే బండి ఆపేసి, అవన్నీ దాటేదాకా కూర్చున్నాను. వెనక కిటికీ తెరుచుకున్న చప్పుడయింది. "అగో! అగో!" అని వదిన గొంతు.

గేటు మూసేశారు. దగ్గర్లోని ఊళ్లో బండి పెట్టుకుని పడుకున్నాం. వాళ్లు లోపల, నేను ముందు సీట్ల మీద.

పొద్దున చెరువు మీద మంచు ఇంకా లేవలేదు. కట్ట మీద నిలబడితే అవతలి ఒడ్డు లేదు, తెల్లగా పొగ, ఆ పొగలోంచి పక్షుల అరుపులు. వదిన రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని చాలాసేపు నిలబడింది. "ఇంత పెద్దగున్నదానే?" అంది చెల్లెలితో, ఆ చెరువు తనదైనట్టు. లోపలికి మా బండి పోకూడదు. మనుషుల్ని తిప్పే జీపు ఒకటుంది. అందులో అప్పటికే ఒక కుటుంబం ఎక్కింది, రెండు సీట్లే మిగిలాయి.

"మరి నువ్వు?" అంది వదిన.

"ఆయన ఉంటడు," అంది నా భార్య. నిన్నటి సాయంత్రం నుంచి నా గురించి ఆమె అన్న మొదటి మాట అది.

జీపు పోయింది. వాళ్లు వెనక్కి చూడలేదు. నేను ఉప్మా చేశాను. మాడింది. మళ్లీ చేశాను. రెండు గంటలు ఆ దారి వైపే చూస్తూ కూర్చున్నాను. బస్సు కోసం చూసేవాళ్లు ఎలా కూర్చుంటారో నాకు అప్పటిదాకా తెలియదు. ప్రతి చప్పుడుకూ మెడ లేస్తుంది.

వచ్చాక ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. అడవిదున్నలు, నాలుగట. కాదు అయిదట, ఒకటి పిల్లదట. ఇంత ఎత్తట. కాళ్లకు తెల్ల మేజోళ్లు తొడుక్కున్నట్టున్నాయట. జీపు డ్రైవరు ఇంజను బంద్ చేసి, ఊపిరి కూడా పీల్చొద్దన్నాడట. "నా చెయ్యి పట్టుకొని గిచ్చింది ఇది, రక్తమొచ్చింది చూడు," అని వదిన చెయ్యి చాపింది. నా భార్య నవ్వుతూ రెండో ఉప్మా గిన్నె ఖాళీ చేసింది. నా వైపు చూసినప్పుడు మాత్రం నవ్వు ఆపేసింది.

గూడూరు మీదుగా మహబూబాబాద్ వచ్చేసరికి మధ్యాహ్నం. మిర్చి బస్తాల లారీలు, ఘాటుకు తుమ్ములు. అక్కడినుంచి వదినను దింపడానికి మళ్లీ చిట్యాల పోదామనుకున్నాను. బస్టాండు దగ్గర ఆపమంది నా భార్య. సంచీ సర్దుకుంటోంది. అక్కది కాదు, తనది.

"నేను అక్క ఎంబడి పోతున్న. పది దినాలుంట."

"నేను దించుత గద."

"వద్దు. బస్సుకు పోతం."

"ఎండ ఉన్నది," అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది.

"దింపుతనంటుండు గదనే, పాపం," అంది వదిన.

"నువ్వు ఊకో అక్కా. నిన్ననే తెలిసింది నాకు. నీ తీరుగ ఇరవై ఆరేండ్లు అలవాటు లేదు నాకు."

హనుమకొండ బస్సు వచ్చింది. నేను సంచీలు అందించాను. కిటికీ పక్కన వదిన, ఆమె భుజానికి ఆనుకుని నా భార్య. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడ్డాను.

తొర్రూరు మీదుగా ఒక్కణ్నే వచ్చాను. వెనక ఖాళీ ఇల్లు గలగలమంటోంది. దారిలో ఒక ముసలాయన చెయ్యెత్తితే ఎక్కించుకుని కొడకండ్లలో దింపాను. ఆయన మంచం మీద కూర్చోవడానికి మొహమాటపడి నేల మీద కూర్చున్నాడట, దిగేటప్పుడు చెప్పాడు. అక్కడే ఒక హోటల్ ముందు ఆగి టీ చెప్పాను. ఫోను మోగింది.

"ఏడున్నవ్?"

"కొడకండ్ల."

"తిన్నవా?"

"ఇంక లేదు."

"స్టీలు డబ్బల చపాతీలున్నయి. పచ్చడి సీసా పొయ్యి కింద పెట్టిన. మాట్లాడుతున్న గదా అని కోపం పోయిందనుకోకు."

"అనుకోను."

"అక్క ఏందో అంటుంది, ఇను."

వెనకనుంచి వదిన గొంతు, బస్సు చప్పుడు మీదుగా, గట్టిగా: "ఓ మరిదీ! పది దినాలకు బండి తీస్కొని రా. కాళేశ్వరం చూడలే నేను, ఇది గూడ చూడలేదట!"

"వస్త వదినె," అన్నాను.

"అది రమ్మనలేదింక," అంది వదిన. "నేను రమ్మంటున్న."

ఫోను పెట్టేశారు. నేను డబ్బా తీసి, బండి మెట్టు మీద కూర్చుని, చపాతీలు మొత్తం తిన్నాను.